నవంబరు, అసురసంధ్య, మా బుడ్డిదాని నిద్ర

మా అమ్మల వాట్సాప్ గ్రూపులో మొన్నట్నుంచీ ఒకటే గోల. మార్చి 8 వచ్చేస్తోంది, ఇక్కడ అమెరికాలో గడియారాలు గంట ముందుకి జరిపే రోజు, టైమ్ మారుతోంది, మావాడు ఇప్పుడిప్పుడే రాత్రంతా పడుకుంటున్నాడు మళ్ళీ మొదటికొస్తుందేమో అని ఒకావిడ, మాదానికింకా రెండు నెలలే దానిక్కూడా ఏమన్నా చెయ్యాలా అని ఇంకొకావిడ, నిద్ర కోసం నమిలే మెలటోనిన్ గమ్మీలు ఇవ్వొచ్చా అని మరొకావిడ. ఉండబట్టలేక ఒక వాయిస్ మెసేజ్ పెట్టా, అది కాస్తా ఐదు నిమిషాలొచ్చింది, నీలం టిక్కులైతే పడ్డాయి గానీ ఒక్కళ్ళూ మాట్లాడలేదు, ఐదు నిమిషాల వాయిస్ మెసేజ్ వినే తీరిక చంటిపిల్లల తల్లులకి ఎక్కడుంటుంది చెప్పండి, అందుకే ఇక్కడ రాసి లింకు పడేద్దామని కూర్చున్నా. నేను డాక్టర్ని కాదు. మా పాపకి మొన్ననే రెండేళ్ళు నిండాయి, దాంతో ఇప్పటికి నాలుగు టైమ్ చేంజీలు చూశా, వచ్చే ఆదివారంది ఐదోది. అంతే నా అనుభవం.

ముందు మా ఊరి సంగతి చెప్పాలి, ఎందుకంటే సగం గొడవ అక్కడే ఉంది. మాది తుని. స్కూల్లో సోషల్ సార్ చెప్పేవారు, దేశం మొత్తానికి టైము 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం మీద లెక్క కడతారు, ఆ గీత మన పక్కనుంచే, అన్నవరానికీ తునికీ మధ్యలోంచే పోతుంది అని. అప్పుడు అదేదో మన ఊరి గొప్పలా ఫీలయ్యాం తప్ప అర్థం కాలేదు. దానర్థం ఏంటంటే మా ఊళ్ళో గడియారం పన్నెండు చూపిస్తే సూర్యుడు కూడా ఇంచుమించు నడినెత్తినే ఉంటాడు, గడియారానికీ ఆకాశానికీ పేచీ లేదు. ఇప్పుడు మేముండేది మిషిగన్‌లో, డెట్రాయిట్ పక్కన నోవై. ఇది 83½ డిగ్రీల పడమర. కానీ మేం వాడే ఈస్టర్న్ టైమ్, అంటే అమెరికా తూర్పు వైపు టైము, లెక్క కట్టేది 75 డిగ్రీల మీద. డిగ్రీకి నాలుగు నిమిషాలు, ఎనిమిదిన్నర డిగ్రీలు, అంటే 34 నిమిషాలు. మామూలుగానే మా సూర్యుడు అరగంట లేటు, ఎండాకాలం టైమ్ పెట్టాక, అంటే మార్చిలో గడియారం గంట ముందుకి జరిపాక, గంటన్నర లేటు. జూన్‌లో రాత్రి తొమ్మిదింటికి కూడా ఇంకా పొద్దు కుంకదు, ఏడింటికి పిల్లని పడుకోబెట్టమంటారు, బయట చూస్తే మన నాలుగున్నర ఐదింటి ఎండలా ఉంటుంది. ఆ 75 డిగ్రీల గీత దగ్గరే ఉండే న్యూజెర్సీ వాళ్ళు ఇచ్చే సలహాలు మాకు సగమే పనిచేసేది అందుకే.

మార్పు సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున రెండు అవగానే మూడు చేసేస్తారు, నవంబరు మొదటి ఆదివారం రెండు అవగానే మళ్ళీ ఒంటిగంట చేస్తారు. 2007 నుంచీ ఇవే తారీకులు. మా అమ్మ మొదటిసారి విన్నప్పుడు, "గడియారం ముల్లు వీళ్ళు తిప్పితే సూర్యుడు వింటాడా, ఇదేం చోద్యమే" అంది. మనవాళ్ళు మాత్రం తక్కువా, రెండో ప్రపంచ యుద్ధం అప్పుడు 1942 నుంచి 45 దాకా మన దేశంలో కూడా గడియారాలు గంట ముందుకి జరిపారు అని మా ఆయన ఫోన్‌లో చూసి చెప్పారు. "అప్పుడు తెల్లోడిది కదా రాజ్యం" అని ఒక్క మాటతో తేల్చేసింది.

మా మొదటి టైమ్ చేంజ్ 2024 మార్చి 10న. పాపకి అప్పటికి రెండు వారాలు. నేను ముందే ఏవేవో చదివేసి చార్టు కూడా గీశా, ఫ్రిజ్ మీద అంటించా. పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు అడిగితే ఆవిడ నవ్వేసింది. మూడు నాలుగు నెలల లోపు పిల్లలకి ఒంట్లో గడియారమే ఇంకా సరిగా మొదలవ్వదు, రాత్రి అని చెప్పే మెలటోనిన్ అనే హార్మోను వాళ్ళ ఒంట్లో ఒక పద్ధతిలో ఊరడం మొదలయ్యేదే రెండు మూడు నెలలు దాటాక, అప్పటిదాకా వాళ్ళకి తెలిసింది ఆకలి, తడి, నిద్ర, అంతే, నువ్వు గోడ మీద గడియారం తలకిందులుగా తగిలించినా వాళ్ళకి తేడా లేదు అంది. నిజంగానే ఆ ఆదివారం కూడా అంతకుముందు రోజు లాగే రెండు గంటలకోసారి లేచింది, ఒకటింటికీ లేచింది, మూడింటికీ లేచింది, మధ్యలో రెండు ఎక్కడికి పోయిందో నాకే తెలీలేదు. కాబట్టి రెండు నెలల పిల్ల ఉన్న ఆవిడా, మీరు హాయిగా ఉండండి, హాయిగా అంటే ఇప్పుడు ఎలా ఉన్నారో అలాగే.

అసలు కథ నవంబరులో.

చంటిపిల్లలు లేనివాళ్ళకి నవంబరు టైమ్ చేంజ్ పండగ, ఒక గంట ఎక్కువ పడుకోవచ్చు. నేనూ పెళ్ళైన కొత్తలో అలాగే సంబరపడేదాన్ని. ఆరింటికి లేచే పిల్ల ఇంట్లో ఉంటే ఆ ఆదివారం అది ఐదింటికి లేస్తుంది, అంతే తేడా. మాకైతే ఐదు కూడా కాదు. 2024లో దీపావళి అక్టోబర్ 31న వచ్చింది, హాలోవీన్ రోజే, గురువారం. వీకెండ్‌కి కదా మనవాళ్ళ పార్టీలు, నవంబరు 2 శనివారం రాత్రి ఫ్రెండ్స్ ఇంట్లో దీపావళి పాట్‌లక్, తలా ఒక వంట తెచ్చుకునే విందు. నేను చేసుకున్న తప్పు లెక్క ఏంటంటే, ఎలాగూ రేపు గంట వెనక్కి వెళ్తుంది కదా, ఈ రాత్రి కాస్త లేటుగా పడుకుంటే రేపు ఆటోమేటిగ్గా లేటుగా లేస్తుంది అని. ఎనిమిది నెలల పిల్ల, రోజూ ఏడింటికి పడుకునేది, ఆ రోజు తొమ్మిదిన్నర దాకా ఆ చేతిలోంచి ఈ చేతిలోకి తిరిగింది, మతాబుల వెలుగు చూసి కేరింతలు కొట్టింది, కార్లో ఏడ్చి ఏడ్చి పడుకుంది. పొద్దున నేను కళ్ళు తెరిచేసరికి కుయ్యి కుయ్యిమంటూ లేచి కూర్చుంది. ఫోన్‌లో టైము 4:40. వంటింట్లో ఓవెన్ మీద 5:40, దాన్ని ఎవరూ మార్చలేదు. మా అమ్మ చేతి వాచీలో మధ్యాహ్నం 3:10, ఆవిడ వచ్చి నెలన్నరైనా ఇండియా టైము మార్చలేదు, మార్చనంది.

ఇక్కడ తెలుసుకున్నది ఏంటంటే, పెద్దవాళ్ళం అలిసిపోతే ఎక్కువ పడుకుంటాం, చంటివాళ్ళు అలిసిపోతే తక్కువ పడుకుంటారు. నిద్ర టైము దాటిపోతే వాళ్ళ ఒళ్ళు మేలుకుని ఉండటానికి తంటాలు పడుతుంది, ఆ ఊపుకి నిద్ర కలత కలతగా పట్టి ఇంకా ముందే లేస్తారు. ఇది అర్థమవ్వడానికి నాకు ఒక దీపావళి పట్టింది.

రెండో తప్పు వెంటనే చేశా. పిల్ల లేచింది కదా అని ఎత్తుకుని హాల్లోకొచ్చి లైట్లన్నీ వేసి పాలు పట్టి బొమ్మలు ముందేసి కూర్చోబెట్టా. పాపం వేరే ఏం చేస్తాం, అపార్ట్‌మెంట్, పక్కవాళ్ళకి వినిపిస్తుంది. సోమవారం కూడా 4:50కి అదే పని చేశా. ఒంట్లో గడియారం వెలుగుని చూసి నడుస్తుంది, అది ఎలా నడుస్తుందో ఈగల మీద కనిపెట్టినందుకు 2017లో ముగ్గురికి నోబెల్ కూడా ఇచ్చారు. తెల్లవారుజామున కళ్ళమీద వెలుగు పడితే ఆ గడియారం ఇంకా ముందు నిద్ర, ఇంకా ముందు మెలకువ అని సర్దుకుంటుంది. సాయంత్రం పూట వెలుగు పడితే ఉల్టా, నిద్ర లేటవుతుంది. తిండి కూడా అంతే, రోజూ ఒకే టైముకి కడుపులో పాలు పడితే ఒళ్ళు ఆ టైముకి ఆకలితో లేవడం నేర్చుకుంటుంది. అంటే నేను 4:40కి లైట్లు వేసి పాలు పట్టి, రేపు కూడా ఇదే టైముకి లేమ్మా అని పిల్లకి బొట్టుపెట్టి చెప్పినట్టన్నమాట.

ఆ ఆదివారం సాయంత్రం ఇంకో సీను. ముందు రోజు దాకా ఆరున్నరకి పొద్దు కుంకేది, ఆ రోజు ఐదున్నర లోపే చీకటి. 4:40కి లేచిన పిల్ల కదా, ఐదున్నరకే కళ్ళు నులుముకుంటూ చెవి పీక్కుంటూ నా భుజం మీద వాలిపోతోంది. నేను కూడా వాలిపోయేలా ఉన్నా. పడుకోబెట్టేస్తే పీడా పోతుందని రూమ్‌లోకి తీసుకెళ్తుంటే మా అమ్మ అడ్డం పడింది. "అసురసంధ్య వేళ పిల్లని పడుకోబెడతావేంటే, దీపాలు పెట్టే టైము." నాకు తిక్క రేగింది. ఇప్పుడు నీ అసురసంధ్య ఏంటమ్మా, పిల్ల తూలిపోతుంటే అని గట్టిగానే అన్నా. అమ్మ నాతో వాదించలేదు, పిల్లని లాక్కుంది అంతే. ఇల్లంతా లైట్లు వేసింది, దేవుడి దగ్గర దీపం పెట్టి పిల్లకి చూపించి జేజ పెట్టించింది, వంటింట్లో చాప వేసి స్టీలు గిన్నెలు రెండూ ఒక గరిటె ఇచ్చి కూర్చోబెట్టింది. ఆ మోతకి నిద్ర ఎక్కడికి పోయిందో పోయింది. ఆరింటికి గోరువెచ్చటి నీళ్ళు పోసి, పెసరపప్పు అన్నం మెత్తగా మెదిపి నాలుగు ముద్దలు పెట్టి, అప్పుడు లైట్లు తగ్గించి నా చేతికిచ్చింది. 6:40కి పడుకుంది.

మర్నాడు కూడా అదే. 6:45. తర్వాత 6:50. గురువారానికి ఏడు. మంగళవారం నుంచీ పొద్దున కూడా నేను దారికొచ్చా, ఐదింటికి మూలిగితే వెంటనే పరిగెత్తడం మానేశా, ఏడిస్తే వెళ్ళి చీకట్లోనే జోకొట్టి, మాట్లాడకుండా, లైటు వెయ్యకుండా, ఆరు దగ్గర పడ్డాకే కర్టెన్ తీసి ఇప్పుడు తెల్లారిందమ్మా అని పెద్ద గొంతుతో చెప్పి పాలు పట్టా. 4:50 కాస్తా 5:05 అయ్యింది, 5:20, 5:30, వచ్చే ఆదివారానికి మళ్ళీ ఆరు. మొత్తం వారం పట్టింది. అసురసంధ్యలో లక్ష్మీదేవి ఇంటికొస్తుంది పడుకోకూడదు అనే మాటకి నేను కొత్తగా సైన్సు అంటగట్టడం లేదు, మన వాట్సాప్ అంకుల్స్ ఆ పని చాలానే చేస్తున్నారు. కానీ నవంబరు మొదటి వారం మిషిగన్‌లో చంటిపిల్లకి సరిగ్గా కావాల్సింది అదే, చీకటి పడే వేళ ఇల్లంతా వెలుగు, ఇంత సందడి, పడుకోవడానికి వీల్లేదు. అమ్మకి సారీ చెప్పా. "ఏదో ఒకట్లే" అంది.

ఇంకోటి గమనించా ఆ ఆదివారం. మా నాన్న ప్రతి ఆదివారం తునిలో రాత్రి ఏడున్నరకి వీడియో కాల్ చేస్తారు, మాకు పొద్దున పది. మనవరాలు మొదటి కునుకు తీసి లేచి నవ్వుతూ ఉండే టైమన్నమాట, ఆయన ఏరి కోరి పెట్టుకున్న టైము. టైమ్ మారాక ఆ ఏడున్నర మాకు తొమ్మిది. నాకు ఇంకా ముఖం కడుక్కునే తీరిక కూడా దొరకలేదు, ఫోన్ మోగింది. కానీ పాప మాత్రం సరిగ్గా కునుకు తీసి లేచి, మామూలుగా రెడీగా కూర్చునుంది తాతయ్య కోసం. ఇంట్లో టైము మారని వాళ్ళు ఇద్దరే, ఇదీ, అక్కడ తునిలో ఆయనా. ఇద్దరూ తెరకి అటూ ఇటూ కూర్చుని బోసి నవ్వులు, మేం మాత్రం గోడ గడియారం కింద దొంగల్లా నిలబడ్డాం.

డేకేర్ సంగతి కూడా ఒక ముక్క. వాళ్ళు సోమవారం నుంచే కొత్త టైముకి మారిపోతారు, పన్నెండు మంది పిల్లలుంటే మన ఒక్కళ్ళ పిల్ల కోసం మార్చరు. మొదటి సంవత్సరం నేను నోరు విప్పలేదు, మధ్యాహ్నం నిద్ర టైము దాకా ఆగలేక పాప అన్నం పళ్ళెంలోనే తల వాల్చేసిందని టీచర్ ఫోటో పంపింది. అడిగితే ఆ వారం ఇరవై నిమిషాలు ముందు పడుకోబెడతామన్నారు, అడగాలి అంతే.

ఇక మార్చి. 2025 మార్చి 9, పాపకి ఏడాది దాటి పది రోజులు. ఈసారి అమ్మ కూడా ఉంది, ఆవిడ ఆరు నెలల స్టేలో అది ఆఖరి వారం. అప్పటికి నాకు బుద్ధొచ్చి ముందే మొదలెట్టా. బుధవారం నుంచి శనివారం దాకా నాలుగు రోజులు, రోజుకి పావుగంట చొప్పున అన్నీ ముందుకి జరపడం, లేవడం, తిండి, కునుకులు, స్నానం, పడక, అన్నీ కలిపి. చాలామంది పడుకునే టైము ఒక్కటే జరుపుతారు, అది కుదరదు, నిద్ర రాని పిల్లని పావుగంట ముందు మంచమెక్కిస్తే పావుగంట మంచం మీద గంతులేస్తుంది. ముందు లేపడంతో మొదలెట్టాలి. పొద్దున పావుగంట ముందు లేపితే రాత్రి పావుగంట ముందు దానంతటదే నిద్రొస్తుంది. ఇక్కడ మళ్ళీ మా ఇంట్లో రభస, నిద్రపోతున్న పిల్లని లేపడం పాపం అని అమ్మ. నిజమే, నాకూ మనసొప్పలేదు, ఆ బుగ్గ దిండుకి నొక్కుకుపోయి అలా పడుకుని ఉంటే ఎవరికి చేతులొస్తాయి. కుదిపి లేపలేదు, కర్టెన్ తీసి, తలుపు తెరిచి, వంటింట్లో చప్పుడు చేసుకుంటూ ఉంటే అదే లేచేది. మార్చి మొదట్లో ఇక్కడ ఆరున్నరకి ఇంకా చీకటే, అందుకని లైటు వేశా. టైమ్ మారాక మరీ ఘోరం, పొద్దున దాదాపు ఎనిమిది దాకా సూర్యుడు రాడు, కాబట్టి మార్చిలో పొద్దున ఇంట్లో ఉన్న లైట్లన్నీ వెయ్యండి, కరెంటు బిల్లు గురించి ఆలోచించకండి. తెల్లారాక పది నిమిషాలు బయట తిప్పితే ఇంకా మంచిది, మంచు లేకపోతే.

సాయంత్రం సమస్య వేరు, ఆ రోజు నుంచీ ఏడున్నర దాకా పొద్దు ఉంటుంది. ఏడింటికి పడుకోబెట్టాలంటే రూమ్ చీకటి చెయ్యాలి. బ్లాకౌట్ కర్టెన్ ఆర్డర్ పెట్టా, అది లేటైంది, ఈలోపు యూట్యూబ్‌లో ఎవరో చెప్పారని కిటికీ అద్దానికి వంటింటి అల్యూమినియం ఫాయిల్ అంటించా. చీకటైతే బ్రహ్మాండంగా అయ్యింది. మూడో రోజు అపార్ట్‌మెంట్ ఆఫీసు నుంచి చీటీ, బయటికి కనబడేలా ఫాయిల్ పెట్టకూడదు తీసెయ్యండి అని. తీస్తుంటే సగం చిరిగి అద్దానికి అంటుకుపోయింది, గోకలేక నా గోళ్ళు పోయాయి. ఆఖరికి అమ్మ తన ఊలు దుప్పటి కర్టెన్ రాడ్ మీద మడతేసి వేలాడదీసింది, రెండు క్లిప్పులు, ఐదు నిమిషాల పని. కర్టెన్ వచ్చేదాకా అదే ఉంది.

నన్నడిగితే నవంబరుతో పోలిస్తే మార్చి సులువు. మీ పిల్లలు ఐదున్నరకే లేచి కూర్చునే రకమైతే మార్చిలో అసలు ఏమీ చెయ్యకండి, ఆ ఐదున్నర దానంతటదే ఆరున్నర అవుతుంది, దేవుడిచ్చిన వరం, చెడగొట్టుకోకండి, రాత్రి పడక కూడా గంట లేటవుతుంది అంతే, డేకేర్ లేకపోతే దానికేం నష్టం.

ముందు రోజుల్లో జరపడం కుదరని వాళ్ళు, అంటే నాలాంటి ఉద్యోగం చేసేవాళ్ళు అన్నమాట, ఆదివారం నుంచే కొత్త టైముకి వెళ్ళిపోయినా ప్రళయం ఏమీ రాదు. నాలుగు రోజుల నుంచి వారం లోపు చాలామంది పిల్లలు సర్దుకుంటారు. మొన్న 2025 నవంబరులో నేను అదే చేశా, అమ్మ లేదు, ఆఫీసులో రిలీజు, పావుగంటలు లెక్కపెట్టే ఓపిక లేదు. పాపకి ఇరవై నెలలు, మాటలొచ్చాయి. ఐదింటికి లేచి క్రిబ్‌లో నిలబడి "అమ్మా, తెల్లారింది" అని కేకలు. బయట చిమ్మచీకటి. లేదమ్మా చూడు చందమామ ఉన్నాడు అంటే, "చందమామ తెల్లారింది" అంది. దానికి ఏం చెప్తాం. ఆరున్నరకి ఆకుపచ్చగా మారే లైటు ఒకటి కొన్నాం, పచ్చ లైటు వస్తేనే బయటికి అని రూలు, అది రెండేళ్ళ లోపు వాళ్ళకి పెద్దగా ఎక్కదు, మాదానికి అర్థమవ్వడానికి జనవరి దాకా పట్టింది. సాయంత్రం మాత్రం అమ్మ పద్ధతే, డేకేర్ నుంచి రాగానే ఇంట్లో లైట్లన్నీ వేసి, దీపం పెట్టి, గిన్నెలు ముందేసి. ఇప్పుడు అది గిన్నెలు కొట్టదు, అందులో నిజంగా పప్పు పొయ్యమంటుంది.

గమ్మీలు అడిగిన ఆవిడకి. వద్దండి, కనీసం మీ పిల్లల డాక్టర్ని అడక్కుండా వద్దు. ఇక్కడ మెలటోనిన్‌ని మందులా కాకుండా సప్లిమెంట్ కింద అమ్ముతారు, అందుకని లోపల ఎంతుందో గట్టిగా చూసేవాళ్ళు లేరు. 2023లో 25 రకాల గమ్మీలు పరీక్ష చేస్తే 22 రకాల్లో లేబుల్ మీద రాసిందీ లోపలున్నదీ సరిపోలలేదు. గంట టైము తేడా కోసం ఆ రిస్కు ఎందుకు. అలాగే నిద్ర పడుతుందని అమ్మమ్మలు నాలిక మీద రాసే తేనె ఏడాది లోపు పిల్లలకి అస్సలు వద్దు, బాట్యులిజం అని ప్రమాదకరమైన జబ్బు వస్తుంది. వస కొమ్ము అరగదీసి పట్టడం గురించి మా అమ్మతో నాకు పెద్ద యుద్ధమే జరిగింది, డాక్టరు చేత చెప్పించి నెగ్గా. చలి కదా అని ఏడాది లోపు వాళ్ళ మంచంలో దుప్పట్లు, దిండ్లు పెట్టకండి, స్లీప్ సాక్ (ఒంటికి తొడిగే సంచి లాంటిది) వేసి వెల్లకిలా పడుకోబెట్టండి, నిద్ర టైము తేడాగా ఉన్న వారంలో విసుగొచ్చి సోఫాలో పిల్లని గుండెల మీద వేసుకుని మనం నిద్రపోవడం అన్నిటికన్నా ప్రమాదం, నేను ఆ మొదటి నవంబరు సోమవారం ఆ పని చేసే దాకా వచ్చా, మా ఆయన చూసి పిల్లని తీసుకున్నారు.

అసలు ఈ మార్పే తీసేస్తే పోతుంది కదా అని ప్రతిసారీ ఎవరో ఒకరు అంటారు. 2022 మార్చిలో సెనేట్, అంటే ఇక్కడి పార్లమెంటులో పై సభ, ఎండాకాలం టైమే ఏడాది పొడవునా ఉంచాలని బిల్లు పాస్ చేసింది, కింది సభ హౌస్‌లో అది ముందుకి కదల్లేదు. నాకైతే కదలకపోవడమే మంచిదైంది. ఎందుకంటే 1974 జనవరిలో ఒకసారి అలా పెట్టి చూశారు, పిల్లలు చీకట్లో స్కూలు బస్సుల కోసం నిలబడాల్సి వస్తోందని జనం గోల పెడితే ఆ అక్టోబరుకే వెనక్కి తీసుకున్నారు. నోవైలో జనవరిలో ఇప్పుడే ఎనిమిదికి తెల్లారుతుంది, అదొస్తే తొమ్మిదికి. నిద్ర డాక్టర్ల సంఘం చలికాలం టైమే ఏడాదంతా ఉంచమంటోంది, నా ఓటు దానికే. ఫీనిక్స్‌లో ఉండే మా ఫ్రెండ్‌కి ఈ గోలే లేదు, అరిజోనాలో టైమ్ మార్చరు, కానీ ఎండ 45 డిగ్రీలు ఉంటుందని గుర్తుచేసి నేను కడుపు చల్లబరుచుకుంటా.

ఈసారి ప్లాన్ చెప్పేసి ఆపుతా. పాప ఇప్పుడు ఆరున్నరకి లేచి ఏడున్నరకి పడుకుంటోంది. బుధవారం 6:15, గురువారం ఆరు, శుక్రవారం 5:45, శనివారం 5:30, రాత్రి పడక కూడా అలాగే 7:15 నుంచి 6:30 దాకా. ఆదివారం కొత్త గడియారంలో మళ్ళీ ఆరున్నర, ఏడున్నర. శనివారం 5:30కి లేపే డ్యూటీ మా ఆయనది, రాసి ఫ్రిజ్ మీద పెట్టా, ఇంకా ఒప్పుకోలేదు. శనివారం సాయంత్రం ఎవరో గృహప్రవేశానికి పిలిచారు, ఈసారి మధ్యాహ్నమే వెళ్ళి భోంచేసి వచ్చేస్తాం. ఓవెన్ గడియారం మాత్రం ఈసారి ముట్టుకోనక్కర్లేదు, నవంబరులో ఎవరూ మార్చలేదు కాబట్టి ఆదివారం నుంచి అదే కరెక్ట్.

నాన్నకి మొన్న ఫోన్‌లో చెప్పా, వచ్చే ఆదివారం నుంచి మీ ఏడున్నర మాకు మళ్ళీ పది అవుతుంది, తొమ్మిదికి కాదు అని. "నాకెందుకు చెప్తావ్, నేను ఏడున్నరకే చేస్తా" అన్నారు.